నూరేళ్ల మనిషిని ఏమని తలచుకోవాలి?

ఈమధ్య మన తండాల్లో ఒక మంచి అలవాటు మొదలైంది. ఊళ్లో అందరికన్నా పెద్ద మనిషిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, పూలదండ వేసి ఫోటో తీస్తున్నారు. నూరేళ్లు నిండిన అవ్వ గానీ తాత గానీ ఉంటే ఆ రోజు పండగే. మనవలు, మునిమనవలు హైదరాబాద్ నుంచి వస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఫోన్‌లో చూస్తారు. కాలనీ మొదట్లో ఫ్లెక్సీ కడతారు. ఇది సంతోషించవలసిన సంగతే. పెద్దవాళ్లను మూలన కూర్చోబెట్టే కాలంలో వాళ్లను నడుమ కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

అయితే శాలువా కప్పే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మనం దేనికి దండం పెడుతున్నాం? నూరు అనే అంకెకా? ఆ నూరేళ్లలో ఆ మనిషి చేసిన పనికా? అంకెకే అయితే ఆ మర్యాద మర్రిచెట్టుకూ చెందుతుంది, గుట్టకూ చెందుతుంది. పనికి అయితే ఆ పని ఏమిటో మనకు తెలిసి ఉండాలి. మనలో ఎంతమందికి తెలుసు?

ముందు అంకె సంగతి చూద్దాం. నస్రుల్లాబాద్ మండలంలో గానీ, బాన్సువాడ చుట్టుపక్కల ఏ తండాలో గానీ తొంభై దాటిన మనిషిని పుట్టిన తేదీ అడిగితే కాగితం దొరకదు. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది. అంతకు ముందు మన పిల్లలు గుడిసెలో, చేను గట్టున, వలస దారిలో పుట్టారు. బొడ్డు కోసిన మంత్రసానికి తప్ప ఆ సంగతి ఏ కచేరీకీ తెలియదు. తర్వాత ఓటరు కార్డు వచ్చింది, ఆధార్ వచ్చింది. రాసుకునేవాళ్లు ముఖం చూసి వయసు వేశారు. అందుకే మన పెద్దల్లో చాలామంది జనవరి 1వ తేదీనే పుట్టినట్టు కార్డుల్లో ఉంటుంది. వృద్ధాప్య పింఛనుకు ఆ కార్డే ఆధారం. ముడతలు ఎన్ని ఉన్నా కార్డులో అంకె తక్కువ పడితే పింఛను రాదు.

కాగితం లేనంత మాత్రాన మనవాళ్లకు వయసు తెలియదని అనుకోవద్దు. వాళ్ల లెక్క వేరు. కాలువ తవ్వేటప్పుడు నేను గొడ్ల వెంట పోయేదాన్ని అంటారు. రజాకార్ల గడబిడప్పుడు నా పెద్ద కొడుకు చంకలో ఉన్నాడు అంటారు. ఈ మాటల్లోనే చరిత్ర ఉంది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. అంటే 1925లో పుట్టిన మనిషి నిజాంసాగర్ నీళ్లు చూసేనాటికి ఆరేళ్ల పిల్ల. నిజాం పాలన పోయేనాటికి ఇరవై మూడేళ్ల తల్లి. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చిన చట్టం 1976లో వచ్చేనాటికి యాభై దాటిన నడివయసు మనిషి. 2016లో కామారెడ్డి జిల్లా, నస్రుల్లాబాద్ మండలం ఏర్పడేనాటికి తొంభై దాటింది. ఐదు వందల జనాభా ఉన్న తండాలు పంచాయతీలు అవుతాయని 2018లో చట్టం వచ్చేసరికి చెవులు సరిగా వినిపించవు. ఆమె ఒక్క జీవితం పక్కన ఈ సంవత్సరాలన్నీ వరుసగా నిలబడతాయి. పాఠ్యపుస్తకంలో విడివిడి పాఠాలుగా ఉన్నవన్నీ ఆమెకు ఒకే బతుకు.

గుంటూరు వైపు తెనాలి దగ్గరి గుడివాడ గ్రామంలో కర్రె మస్తానమ్మ అనే అవ్వ ఉండేది. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద ఆమె చేసిన వంటను యూట్యూబ్‌లో ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో చనిపోయేనాటికి ఆమెకు నూట ఆరేడేళ్లని చెప్పేవారు. కాగితం అడిగితే ఆమె దగ్గరా సరైన లెక్క ఉండి ఉండదు. అయినా చూసినవాళ్లకు ఆ లెక్కతో పని పడలేదు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని కూలి చేసి బతికిన ఆమె చేతి ఒడుపే వాళ్లకు కనిపించింది. కాబట్టి మన తండాలో ఒక అవ్వకు నూరా, తొంభై ఆరా అని వాదులాడుకోవడం మానేద్దాం. నూరు అన్నది గడప మాత్రమే. లోపల ఏముందో చూడాలి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఎక్కువ కాలం బతకడం ఒకరి గొప్పతనం కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దగ్గర ఉండేది. మలేరియాకు, మశూచికి, కలరాకు, కాన్పులకు మనుషులు రాలిపోయారు. అలాంటి కాలంలో నూరేళ్లు నిలిచిన మనిషి వెనక ఎందరో తోడబుట్టినవాళ్లు, తోటివాళ్లు చిన్నప్పుడే పోయి ఉంటారు. ఆమె నిలబడింది కొంత అదృష్టం వల్ల, కొంత ఒంటి బలం వల్ల, చాలావరకు చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిన గింజల వల్ల. ఆకలి రోజుల్లో ఎవరో ఒకరు తమ జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చి ఉంటారు. కనుక నూరేళ్ల మనిషికి పెట్టే దండంలో పోయినవాళ్లకూ వాటా ఉంది.

ఆయుష్షే కొలత అయితే కుమ్రం భీమ్‌ను ఏం చేద్దాం? 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగేనాటికి ఆయనకు నలభై ఏళ్లు నిండీ నిండలేదు. మన లంబాడీ బిడ్డ జాటోతు ఠానూ నాయక్ భూమి కోసం దొరలతో తలపడి 1950లో ప్రాణం ఇచ్చాడు. వాళ్ల బతుకులు పొట్టివి. మన మనసులో వాళ్ల చోటు పెద్దది. వాళ్లు ఒక్కసారిగా ఇచ్చారు. నూరేళ్లు బతికిన మంచి మనిషి రోజుకు కాస్త చొప్పున ఇచ్చింది. ఒకరిది మెరుపు, మరొకరిది పొయ్యిలో నిప్పు. మెరుపు మీద పాట కడతాం. పొయ్యిలో నిప్పు మీద ఎవరూ పాట కట్టరు. కానీ అన్నం ఉడికేది దాని మీదే.

ఇక ఆ రోజువారీ ఇవ్వడం ఏమిటో చూద్దాం. నూరేళ్ల మనిషిని పొగిడేటప్పుడు మనం మూడు మాటలు అంటాం. పెద్ద సంసారం, దైవభక్తి, ఊరికి చేసిన మేలు. ఈ మూడూ మంచివే. వాటిని ఎలా అర్థం చేసుకోవాలన్నదే మన ముందున్న పని.

సంసారం అనగానే ఎంతమంది కొడుకులు, ఎంతమంది మనవలు అని లెక్కపెడతాం. నాలుగు తరాలు ఒక్క ఫోటోలో ఉంటే మురిసిపోతాం. కానీ పిల్లలను కనడం వేరు, మనుషులను నిలబెట్టడం వేరు. తండాలో దాది అంటే సొంత మనవలకే దాది కాదు. తల్లి చెరకు కోతకు మహారాష్ట్ర పోతే, తండ్రి అప్పు తీర్చడానికి దుబాయి పోతే ఆ పిల్లలు ఎవరి గుడిసెలో పడుకున్నారు? ఎవరి చేతి రొట్టె తిని బడికి పోయారు? ఇవాళ ఉద్యోగాల్లో ఉన్న మన యువకుల్లో ఎందరో అలా దాదీల ఒడిలో పెరిగినవాళ్లే. ఏ ఫారంలోనూ ఆ దాది పేరు ఉండదు. తండ్రి పేరు అడుగుతారు, తల్లి పేరు అడుగుతారు. పెంచిన మనిషి పేరుకు గడి లేదు.

కర్ణాటకలో సాలుమరద తిమ్మక్కకు పిల్లలే లేరు. భర్తతో కలిసి హులికల్, కుదూరు ఊళ్ల మధ్య దారి వెంట 385 మర్రి మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి చెట్లను చేసింది. కూలి పని చేసుకునే మనిషి. చదువు లేదు. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 నవంబరులో నూట పద్నాలుగేళ్ల వయసులో చనిపోయిందని చెప్పారు. ఆమె సంసారం చిన్నదని ఎవరైనా అనగలరా? ఆ దారిన ఎండలో నడిచి నీడలో ఆగిన ప్రతి మనిషీ ఆమె ఇంటివాడే. సంసారాన్ని రక్తంతోనే కొలిస్తే ఈ సంగతి అర్థం కాదు.

రెండో మాట భక్తి. మన పెద్దల భక్తి గుడి గోడల్లో పుట్టింది కాదు. శీత్లా పండగ నాడు ఏడుగురు అక్కచెల్లెళ్ల పేర రాళ్లు నిలిపి, గొడ్డూ గోదా చల్లగా ఉండాలని మొక్కుకుంటాం. తీజ్ తొమ్మిది రోజులూ పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోసి పెంచుతారు. సేవాలాల్ మహరాజ్ పేరున భోగ్ చేసినప్పుడు నిప్పుల్లో నెయ్యి, బెల్లం అన్నం వేసి చేతులు జోడిస్తాం. ఆ మొక్కులో అడిగేది ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పాలి. నా ఒక్కడికే పంట పండాలి అని అడగం. చీమ మొదలు మనిషి దాకా అందరూ చల్లగా ఉండాలని అడిగి, చివరికి మమ్మల్నీ చూడమని అంటాం. 1739లో గుత్తి ప్రాంతంలో పుట్టాడని మనం చెప్పుకునే సేవాలాల్ ఎడ్ల మీద సరుకు మోసే జాతికి అబద్ధం ఆడవద్దని, తాగవద్దని, ఆడవాళ్లను గౌరవించమని చెప్పాడు. అలాంటి మొక్కు మొక్కి ఇంటికొచ్చి పక్కింటి గట్టు జరిపితే ఆ భక్తికి అర్థం లేదు. నూరేళ్ల మనిషి భక్తిని ఆమె మెడలోని పూసల్లో వెతకవద్దు. గడప తొక్కిన ఆకలి మనిషిని ఆమె ఎన్నిసార్లు ఉత్తచేతులతో పంపింది, ఎన్నిసార్లు పంపలేదు అన్నదే అసలు లెక్క.

తుమకూరు సిద్ధగంగ మఠం శివకుమార స్వామి ఇందుకు మంచి ఉదాహరణ. 1907లో పుట్టి 2019 జనవరిలో నూట పదకొండేళ్ల వయసులో పరమపదించారు. ఆయన మతం మన తండా మతం కాదు. కానీ మఠంలో దాదాపు పది వేల మంది పేద పిల్లలకు కులం, మతం అడగకుండా అన్నం, చదువు, నీడ ఇచ్చారు. దేవుడిని నమ్మడమంటే పొయ్యి ఆరకుండా చూడటమని ఆయన బతుకు చెబుతుంది. మన భోగ్‌లోని మొక్కు చెప్పేదీ అదే.

మూడో మాట సేవ. సేవ అనగానే సంఘం, అధ్యక్షుడు, రసీదు పుస్తకం గుర్తొస్తాయి. మన పెద్దల కాలంలో అవేవీ లేవు. నాయక్, కారోబారి నలుగురిని కూర్చోబెట్టి తగవు తీర్చేవారు. బావి తవ్వాలంటే ఇంటికో మనిషి పార పట్టుకుని వచ్చేవాడు. కాన్పు అంటే అర్ధరాత్రి కూడా మంత్రసాని లేచి పోయేది. కాన్పుకు ఆమె పుచ్చుకున్నది సోలెడు గింజలో, పాత గుడ్డో. ఆమె చేతిలో పడ్డ పిల్లలు ఒక ఊరంతా ఉంటారు. నాయక్ పేరు తండాకు పెడతాం. మంత్రసాని పేరు తండాలో ఏ వీధికీ లేదు. సేవను లెక్కించే మన కళ్లు కూడా మగవాడి వైపే వంగి ఉన్నాయి. దీన్ని సరిచేసుకోవలసింది ఈ తరమే.

ఉపాధ్యాయులకు దగ్గరి ఉదాహరణ చుక్కా రామయ్య గారు. 1925లో జనగామ ప్రాంతం గూడూరులో పుట్టారు. నిజాం పాలనకు ఎదురు నిలిచి జైలుకు పోయారు. ఆ తర్వాత జీవితమంతా బ్లాక్‌బోర్డు ముందే గడిపారు. ఐఐటీ చదువు పల్లె పిల్లలకూ అందుతుందని చూపించారు. రిటైర్ అయ్యాక కూడా చదువు గురించి రాయడం, మాట్లాడటం మానలేదు. ఒక టీచరు సేవ బదిలీ కాగితంతోనో, పదవీ విరమణ సన్మానంతోనో ముగియదని ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ మన యువకులు ఒక మాట అడుగుతారు. పెద్దలు చెప్పిందల్లా మంచిదేనా? చిన్న పిల్లలకు పెళ్లిళ్లు చేసింది పెద్దలు కాదా? ఆడపిల్ల పుడితే మొహం చిట్లించింది పెద్దలు కాదా? ఒకప్పుడు మనలో పిల్లవాడి వైపే ఓలి ఇచ్చేది. ఇప్పుడు కట్నం అడుగుతున్నారు. దాన్ని ఆపని పెద్దలకు దండం ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని కసురుకుని తోసేయకూడదు. గౌరవించడం వేరు, తలాడించడం వేరు. నూరేళ్ల మనిషి పాదాలు తాకి, ఆమె కాలంలో జరిగిన తప్పును తప్పని చెప్పవచ్చు. ఆమెకు దేవత వేషం వేస్తే మనిషిగా ఆమె పడ్డ కష్టం, ఆమె చేసిన ఎంపిక రెండూ కనిపించకుండా పోతాయి. ఎన్ని తప్పుల మధ్య ఏ మంచిని నిలబెట్టుకుందో చూస్తేనే ఆమె మనకు పాఠం అవుతుంది. నిజం చెప్పని పొగడ్త చావు రోజున కొట్టే డప్పు లాంటిది. చప్పుడే తప్ప పోయిన మనిషికి వినపడదు.

అన్నట్టు, వినపడటం అన్నదే అసలు విషయం. మనం ఎక్కువగా పోయినవాళ్లనే పొగుడుతాం. దినం నాడు మంచి మాటలన్నీ బయటికి వస్తాయి. ఆ మాటల్లో సగం ఆమె బతికుండగా గుడిసెకు పోయి చెబితే ఎంత బాగుండేది! తల్లిదండ్రులను చూసుకోవాలని 2007లో చట్టమే తెచ్చుకోవలసి వచ్చింది. చట్టం పింఛను ఇప్పించగలదు, భరణం ఇప్పించగలదు. పక్కన కూర్చుని ఒక గంట మాట వినమని ఏ చట్టమూ ఆదేశించలేదు. ముసలివాళ్లకు కావలసిందేమో అదే.

వినకపోతే ఏం పోతుంది? అండమాన్‌లో బోవా సీనియర్ అనే అవ్వ ఉండేది. 2010 జనవరిలో ఆమె చనిపోయింది. ఆమెతోపాటు బో అనే భాష కూడా పోయింది. ఆ భాష మాట్లాడే చివరి మనిషి ఆమే. మన గోర్ బోలికి ఆ గతి పట్టదులే అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షల మందికి పైగా. కానీ ఆ లెక్కల్లో మన భాషను హిందీ కింద ఒక మాతృభాషగా చేర్చారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో దానికి చోటు లేదు. సొంత లిపి లేదు. బడిలో తెలుగు, ఇంగ్లీషు. టీవీలో తెలుగు, హిందీ. ఇంట్లో పిల్లవాడు యాడిని అమ్మా అంటున్నాడు, దాదీని అవ్వా అంటున్నాడు. నూరేళ్ల దాది నోట్లో ఉన్న మాటల్లో ఎన్ని మన నోట్లో మిగిలాయి? ఎద్దుకు ఎన్ని రంగుల పేర్లు, గడ్డికి ఎన్ని పేర్లు, ఏ నొప్పికి ఏ ఆకు, ఏ పెళ్లి ఘట్టానికి ఏ పాట? ఇవన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ఆమె వెళ్లే రోజు అవీ వెళ్తాయి.

అలా పోనివ్వకుండా పట్టుకున్నవాళ్లూ మనలో ఉన్నారు. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథలను తరం నుంచి తరానికి పాడుతూ వచ్చారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మార్లవాయి గోండు కళాకారుడు కనకరాజు గుస్సాడీని పిల్లలకు నేర్పుతూ బతికారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. వాళ్లు నేర్పినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఆట ఆగలేదు, ఆ పాట ఆగలేదు. మన లంబాడీ రచయిత కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీతను తెలుగు లిపిలో మన భాషలోకి తెచ్చారు. ఆయనకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. లిపి లేదని కూర్చోనక్కర్లేదని, ఉన్న లిపితోనే పని మొదలుపెట్టవచ్చని ఆయన చూపించారు.

కాబట్టి మా మాట ఇది. నస్రుల్లాబాద్‌లో గానీ, దుర్కిలో గానీ, మైలారంలో గానీ, ఏ తండా బడిలో గానీ పని చేసే ఉపాధ్యాయులు ఒక చిన్న పని పిల్లలకు అప్పజెప్పండి. ప్రతి పిల్లా తన తండాలో పెద్ద మనిషి దగ్గర కూర్చుని ఐదు ప్రశ్నలు అడగాలి. చిన్నప్పుడు ఏం తిన్నావు? మొదట ఏ పని చేశావు? ఆకలి రోజుల్లో నీకు అన్నం పెట్టింది ఎవరు? నువ్వు ఎవరికి పెట్టావు? మాకు తెలియని ఒక మాట చెప్పు. జవాబులు గోర్ బోలిలోనే, తెలుగు అక్షరాల్లో, ఆమె అన్నది అన్నట్టే రాయాలి. పాట పాడితే ఫోన్‌లో రికార్డు చేయాలి. ఏడాది చివర ఆ కాగితాలు కుట్టి బడి అలమరాలో పెట్టాలి. పెద్ద ఖర్చు లేదు. పుట్టిన తేదీ లేని మనిషికి కాగితం మీద ఒక చోటు దొరుకుతుంది.

యువకులూ, మీకూ పని ఉంది. ఫ్లెక్సీ కట్టే ముందు ఆమె కళ్లద్దాలు సరిగా ఉన్నాయా చూడండి. వేలిముద్ర పడక పింఛను ఆగిపోతే మండల ఆఫీసుకు మీరు తోడు పోండి. శాలువా కప్పే రోజున మైకు ముందు నాయకులు మాట్లాడటం అయిపోయాక ఆమెకు కూడా ఒక పది నిమిషాలు ఇవ్వండి. ఆమె మాట తడబడినా ఆగి వినండి. ఆమె చేతుల మీద పుట్టిన మనుషులు ఎవరైనా ఉంటే లేచి నిలబడమని చెప్పండి. ఎంతమంది లేస్తారో చూడండి. ఆ రోజు అక్కడ లేచినవాళ్లే ఆమె నూరేళ్లకు సాక్షి సంతకం.

నూరేళ్లు బతకడం మన చేతిలో లేదు. నాలుగు మెతుకులు పంచడం, నలుగురి మాట వినడం, ఒక పిల్లను నిలబెట్టడం మన చేతిలో ఉన్నాయి. నూరేళ్ల మనిషికి మనం తీర్చగలిగిన బాకీ కూడా అదే. ఆమె పెట్టిన రొట్టెను ఆమెకు తిరిగి ఇవ్వలేం. మన తర్వాత వచ్చేవాళ్లకు మాత్రం తుంచి ఇవ్వగలం.